వాళ్లు దాన్ని ఆవంగా అన్నారు

నర్సింగ్ రెండో సంవత్సరం చలికాలంలో నన్ను ఎనిమిది వారాల ప్లేస్‌మెంట్‌కి, అంటే పని శిక్షణకి, సిడ్నీ పడమటి శివార్లలోని ఒక మానసిక ఆరోగ్య బృందంలో వేశారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన రోగుల ఇళ్లకు వెళ్లి, మందులు వేసుకుంటున్నారా, నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా అని చూసి రావడం ఆ బృందం పని. నాకు పని నేర్పడానికి ఒక సీనియర్ నర్సును అప్పగించారు. అరవైకి దగ్గరపడిన ఆస్ట్రేలియన్ ఆవిడ, మాటలు తక్కువ. కారు ఆవిడ నడిపేది. నేను ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేదాన్ని.

అప్పట్లో నేను గిరావీన్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆ ఇంటి ఆంటీ మొదటి రోజే కంగారుపడింది. "పిచ్చోళ్ల దగ్గర వేశారా నిన్ను? సేఫేనా అమ్మా? యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టి చేంజ్ చేయించుకోకూడదూ?" అంది. రెండు రైల్వే స్టేషన్లు దాటితే చాలు, అక్కడి మనుషులు ఆంటీకి వేరే లోకం. నేను నవ్వి ఊరుకున్నాను.

మొదటి వారంలోనే ఆ టోంగా వాళ్ల ఇంటికి వెళ్లాం. టోంగా అంటే పసిఫిక్ మహాసముద్రంలో చిన్న చిన్న దీవుల దేశం. అక్కడి నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. సిమెంటు రేకుల గోడలున్న పాత ఇల్లు అది. తలుపు తీసినావిడకి యాభై అయిదేళ్లుంటాయి. భారీ మనిషి. నల్ల గౌను మీద నడుముకి ఒక పెద్ద చాప చుట్టుకుని తాడుతో బిగించి కట్టుకుంది. చాప కట్టుకున్న మనిషిని చూడటం నాకదే మొదలు. నా చూపు పసిగట్టి, "మా అమ్మ పోయి అయిదు నెలలయింది. ఏడాదిదాకా ఇలాగే ఉంటాం" అంది.

రోగి ఆవిడ చెల్లెలు. నలభై రెండేళ్లు. కోడి మాంసం ప్యాకింగ్ చేసే చోట పనిచేసేది. తల్లి టోంగాలో చనిపోయినప్పుడు అక్క వెళ్లగలిగింది కాని చెల్లెలు వెళ్లలేకపోయింది. వీసా కాగితాలు నడుస్తున్నాయి, దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. ఆ కాగితాల సంగతి నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మాలాంటి స్టూడెంట్లందరం నోరు తెరిస్తే మాట్లాడుకునేది అదే. అంత్యక్రియలు ఫోన్లో చూసింది. మూడు నెలలు బాగానే ఉంది. తర్వాత నిద్ర కరువయింది. భోజనాల బల్ల దగ్గర తల్లికి పళ్లెం పెట్టడం మొదలుపెట్టింది. ఖాళీ కుర్చీతో మాట్లాడేది, నవ్వేది, ఏడ్చేది. పదకొండు రోజులు కన్ను మూయకపోతే చివరికి పక్కింటివాళ్లు అంబులెన్సు పిలిచారు. ఆసుపత్రిలో మూడు వారాలుంచి, సైకోసిస్ అని రాసి, మాత్రలిచ్చి పంపించారు. ఫైల్లో ఉన్నదంతా అంతే.

చెల్లెలు హాల్లో నడి మధ్యన చాప మీద కూర్చుని ఉంది. సన్నగా, జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంది. చుట్టూ బంధువులు. ఒకామె వీపు నిమురుతోంది, ఇంకొకామె చేమదుంప నోట్లో పెడుతోంది, ఇద్దరు పిల్లలు ఆమె ఒళ్లో కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నారు. మేం ప్రశ్నలు అడుగుతుంటే ఎవరూ లేచి వెళ్లలేదు, ఎవరూ గొంతు తగ్గించలేదు.

"మీ చెల్లెలికి జబ్బు ఏమిటని డాక్టర్లు చెప్పారో మీకు అర్థమయిందా?" అని సీనియర్ నర్సు అక్కని అడిగింది.

"వాళ్లు చెప్పింది విన్నాను" అంది అక్క. "కాని ఇది జబ్బు కాదమ్మా. మా అమ్మ వచ్చింది."

ఆ తర్వాతి వారం నర్సు వెనకగదిలో చెల్లెలికి బీపీ చూస్తుంటే, అక్క నన్ను వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసి అంతా చెప్పింది. దీన్ని వాళ్లు ఆవంగా అంటారట. చనిపోయిన మనిషి, బాగా ఇష్టమైన మనిషి, బతికున్నవాళ్లలో ఒకరిని వదల్లేక వచ్చి పట్టుకోవడం. పట్టుకున్నది దయ్యం కాదు, సొంత మనిషే. ఏదో చెప్పాలని వస్తుంది. అక్కడ సమాధికి ఏదైనా అయి ఉండవచ్చు, ఇక్కడ ఇంట్లో ఎవరైనా తగవు పడి ఉండవచ్చు. ఆకు మందు తెలిసిన పెద్దామె వచ్చి, ఆకు నలిపి నీళ్లలో వేసి, ఆ నీళ్లు కళ్లలో, ముక్కులో పోసి, ఒళ్లంతా రుద్దుతుంది. కొన్నాళ్లకి వచ్చినావిడ వెళ్లిపోతుంది.

"మీ ఆసుపత్రి పేరు పెడితే మాత్రం ఎప్పటికీ పోదు" అంది అక్క. "ఆవంగా వచ్చినవాళ్లని చూసి ఎవరూ నవ్వరు. తల పాడయిందని అంటే మా దీవిలో ఆ ఇంటి పిల్లని కూడా ఎవరూ చేసుకోరు. అందుకే ఆ మాట ఈ ఇంట్లో అనకండి."

నేను తలూపాను. అప్పుడు ఆవిడ ఎంతో మామూలుగా అడిగింది. "మీ వాళ్లలో ఇలా ఉండదా?"

"ఉండదు" అన్నాను.

అది పచ్చి అబద్ధం. తెనాలి పక్కన మా ఊళ్లో మా పిన్ని ఉంది, అమ్మకి చెల్లెలు. డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఉన్నట్టుండి తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. గాలి సోకిందన్నారు కొందరు, చేతబడి అన్నారు కొందరు. మా వాళ్లు చర్చి మనుషులు కదా, దురాత్మ అన్నారు. ఊరవతల ప్రార్థనా మందిరంలో నలభై రోజులు ఉంచారు. ఉపవాసాలు చేయించారు. అక్కడ ఇంకేం జరిగిందో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పరు. తిరిగొచ్చాక వెనకగదిలో పెట్టారు. మా ఇంటికి చుట్టాలొస్తే ఆ గది తలుపు దగ్గరికి వేసేవాళ్లం. తలుపు వెయ్యడం చిన్నప్పుడు నా పని. గొళ్లెం పెట్టేటప్పుడు పిన్ని లోపలినుంచి నా పేరు పెట్టి పిలిచేది, నేను పలికేదాన్ని కాదు. వీసా కాగితాల్లో కుటుంబ సభ్యుల ఆరోగ్యం గురించి ఎవరూ అడక్కపోయినా అడుగుతారేమోనని అమ్మ భయపడింది. "ఎవరడిగినా మనింట్లో అలాంటిదేం లేదని చెప్పు" అని ఎయిర్‌పోర్టులో కూడా చెవిలో చెప్పి పంపించింది. ఆ టోంగా ఇంట్లో వంటింటి కుర్చీలో కూర్చుని అదే చెప్పాను.

మూడో వారం వెళ్లినప్పుడు సీనియర్ నర్సుకి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్లింది. కప్పులు కడగడానికి నేను అక్కకి సాయం చేస్తున్నాను. పంచదార డబ్బా అందుకోబోతే దాని వెనక మాత్రల పెట్టె కనబడింది. రోజుకో గడి చొప్పున ఫార్మసీవాళ్లు సర్ది ఇచ్చేది. సోమవారం నుంచి ఒక్క గడి కూడా తెరవలేదు. అప్పటికి గురువారం.

అక్క నా చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి. "చెప్పకు తల్లీ. రెండు మందులు ఒక ఒంట్లో ఉంటే కొట్టుకుంటాయి. మాత్రలు పడుతుంటే ఆకు పనిచెయ్యదు. బ్రిస్బేన్‌లో మా వాళ్ల పెరట్లోంచి ఆకు తెప్పించాం. ఆదివారం దాకా ఆగు. ఆదివారం తర్వాత మీ మాత్రలు నేనే వేస్తాను."

బయటికొచ్చి కారెక్కాను. సీనియర్ నర్సు "అంతా బాగుందా?" అని అడిగితే "బాగుంది" అన్నాను. క్లాసులో మాకు ఇతర సంస్కృతులను గౌరవించాలని చెప్పేవారు. నేను అదే చేస్తున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ చెయ్యి పట్టుకోగానే నేను మళ్లీ మా ఊళ్లో, మా ఇంట్లో, పెద్దవాళ్లు చెప్పకు అంటే చెప్పని పిల్లనయిపోయాను.

శనివారం పొద్దున చెల్లెలు ఇంట్లోంచి వెళ్లిపోయింది. అందరూ నిద్రలేచేసరికి చాప ఖాళీగా ఉంది. చెప్పుల్లేకుండా, పల్చటి నైటీతో, ఆ చలిలో హైవే పక్కన తూర్పుకి నడుచుకుంటూ పోయింది. ఎయిర్‌పోర్టులో అమ్మ ఎదురుచూస్తోందని తర్వాత పోలీసులకి చెప్పిందట. ఒక లారీ డ్రైవర్ చూసి, బండి రోడ్డుకి అడ్డంగా ఆపి, తన కోటు ఆమెకి తొడిగి పోలీసులకి ఫోన్ చేశాడు. అతను ఆపేసరికి ఆమె మూడో లేన్‌లో ఉంది. పోలీసులు ఆమెని మళ్లీ ఆసుపత్రిలో చేర్పించారు.

సోమవారం ఆఫీసుకి వెళ్తే ఈ సంగతి తెలిసింది. సీనియర్ నర్సు దగ్గరికి వెళ్లి మాత్రల సంగతి చెప్పాను. ఆవిడ అరవలేదు. పెన్ను కింద పెట్టింది. "ఆమె లారీ కింద పడి ఉంటే ఈ మాట ఎవరికి చెప్పేదానివి?" అంది. తర్వాత, "డాక్టర్‌కి నువ్వే చెప్పు. నేను చెప్పను" అంది.

మా బృందంలో డాక్టరు తెలుగాయనే, ఆసుపత్రిలో వార్డు చూసేదీ ఆయనే. వరంగల్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. అప్పటిదాకా నాతో ఇంగ్లిషు తప్ప మాట్లాడలేదు. ఆయన గదిలో నిలబడి మొదలుపెట్టగానే నాకు ఏడుపొచ్చి ఇంగ్లిషు తప్పిపోయింది. తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మాత్రల పెట్టె, ఆకు, ఆదివారం, అన్నీ. ఏం తోచిందో, పిన్ని సంగతి కూడా చెప్పేశాను. ఈ దేశంలో ఒక మనిషికి ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి.

ఆయన టిష్యూల డబ్బా నా వైపు జరిపాడు. "ఏడుపు బంద్ చెయ్యి బిడ్డా, కూసో. తప్పు చేసినవ్. ఫెయిల్ చేస్తరా లేదా అన్నది మీ సూపర్‌వైజర్ చూస్కుంటది, నేను అండ్ల జోక్యం చేస్కోను." ముందున్న ఫైలు పక్కకి జరిపి అన్నాడు. "గని నా తప్పు గూడ ఉన్నది. ఆమెను మూడు వారాలు వార్డుల పెట్టుకున్న. స్లీప్ ఎట్లున్నది, వాయిసెస్ ఎట్లున్నయ్ అని రోజూ అడిగిన. వాళ్ల అమ్మ ఏం చెప్తున్నది అని ఒక్కనాడన్న అడిగిన్నా? అడగలే."

"ఆకు మందు మానెయ్యమని చెబుతారా సార్?"

"ఎందుకు? ఒంటికి రుద్దుకునే ఆకుతోని నాకేం పంచాయితీ? కండ్లల్ల పోసుడు మాత్రం వద్దంట. గోలీలు ఆపొద్దంట. గంతే. నువ్వు గూడ రా మీటింగ్‌కు."

బుధవారం ఆసుపత్రిలో మీటింగ్ పెట్టారు. చిన్న గది. అక్క వచ్చింది, వాళ్ల చర్చి పాస్టర్ వచ్చాడు, ఆకు మందు వేసే పెద్దామె కూడా వచ్చింది. ఎనభై ఏళ్లుంటాయి, ఇంగ్లిషు రాదు. పాస్టర్ అటూ ఇటూ చెబుతున్నాడు. అక్క నా వంక చూడలేదు. డాక్టర్ ఫైలు తెరవకుండా పెద్దామెని అడిగాడు. "మీరు ఈమెలో ఏం చూశారు? నాకు చెప్పండి."

పెద్దామె చాలాసేపు మాట్లాడింది. పాస్టర్ చెప్పింది ఇదీ. తల్లి అసంతృప్తిగా ఉంది. సమాధి దగ్గర ఏదో సరిగా లేదు. ఇక్కడివాళ్లకి తెలియదు, అక్కడివాళ్లు చెప్పడం లేదు.

అప్పుడు అక్క తల దించుకుంది. "నాకు తెలుసు" అంది. టోంగాలో ఉన్న తమ్ముడు రెండు నెలల కిందటే ఫోన్ చేసి చెప్పాడట. వానలకి శ్మశానం కంచె పడిపోయింది, పందులు దూరి తల్లి సమాధి మీది ఇసక దిబ్బని తవ్వేశాయి. బాగు చేయిస్తానన్నాడు, చెయ్యలేదు. చెల్లెలికి చెప్పొద్దని అక్క అన్నది. అసలే వెళ్లలేకపోయానని కుమిలిపోతున్న మనిషి, ఇది తెలిస్తే తట్టుకోలేదని దాచింది. కాని ఫోన్ మాట్లాడిన రోజు చెల్లెలు పక్కగదిలోనే ఉంది. విన్నదో లేదో అక్క అడగలేదు. ఆ వారంలోనే చెల్లెలికి నిద్ర కరువయింది.

డాక్టర్ నెమ్మదిగా అన్నాడు. "ఆమె విని ఉంటుంది. నేను మందు ఆపను, మీరూ ఆపకండి. మందు నిద్రని ఇస్తుంది. కాని సమాధి బాగు చెయ్యడం నా చేతిలో లేదు, అది మీరే చెయ్యాలి. రెండూ జరగనివ్వండి." పెద్దామె ఆయన చెప్పింది విని, రెండు మందులూ కొట్టుకుంటాయని మళ్లీ అంది. వాదించింది. చివరికి, మాత్ర రాత్రికి, ఆకు పొద్దుటికి అన్న ఒప్పందానికి వచ్చింది. కళ్లలో పొయ్యనని మాత్రం మాటివ్వలేదు. పాస్టర్ నచ్చజెప్పాక ముఖం అంతా తడిపి వదిలేస్తానంది.

బయట నడవలో నేను అక్క దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడిగాను. మాత్రల సంగతి ఆ రోజే చెప్పాల్సిందన్నాను. "మా వాళ్లలో ఉండదని మీకు అబద్ధం చెప్పాను. మా పిన్నికి ఇలాగే వచ్చింది. మేం గదిలో పెట్టి తలుపేశాం."

ఆవిడ ముఖం మారిపోయింది. కోపమనుకున్నాను. "ఒంటరిగానా?" అంది. "అన్నం కూడా ఒంటరిగానే తింటుందా?"

ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ చాప గరుకు నా మోచేతులకి తగిలింది. "నేను చెప్పొద్దంటే నువ్వు ఊరుకున్నావు. తప్పు మనిద్దరిదీ" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. "పిన్నిని గుంటూరులో డాక్టర్‌కి చూపించమ్మా" అన్నాను.

"ఇన్నేళ్లకి ఇప్పుడెందుకే? ఏదో పడి ఉంటంది. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? నీకు సంబంధాలు చూసే టైములో..."

"పిన్ని ఇరవై ఏళ్లుగా ఒక్కతే అన్నం తింటోందమ్మా."

అవతల అమ్మ ఏడుస్తున్నట్టు తెలిసింది. "ఆ మందిరంలో దాన్ని కొట్టారే" అంది. "నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నాకప్పుడు పాతికేళ్లు. మా నాన్నకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుందే?" ఆ రోజు అంతకంటే ఏమీ తేలలేదు. మరో ఏడు నెలలు పోట్లాడాక గాని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. మందులతో పిన్ని కొంత తేరుకుంది, పూర్తిగా కాదు. ఆలస్యం చాలా అయిందని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడట. ఇప్పుడు అమ్మతో కలిసి వాకిట్లో కూర్చుని కూర తరుగుతుంది. గదికి గొళ్లెం తీసేశారు.

టోంగాలో ఉన్న తమ్ముడు మాత్రం ఈసారి ఆలస్యం చెయ్యలేదు. మీటింగ్ అయిన ఆ శనివారం మధ్యాహ్నమే ఆసుపత్రి విజిటర్స్ గదికి వీడియో కాల్ చేశాడు. నా డ్యూటీ కాకపోయినా అక్క రమ్మంది కాబట్టి వెళ్లాను. పదిహేనుమంది ఒకే ఫోన్ చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. చెల్లెలు మధ్యలో కూర్చుంది. మందుకి చేతులు కొంచెం వణుకుతున్నాయి.

తెర మీద ఎండ, తెల్లటి ఇసక, కొత్త కంచె. తమ్ముడు నల్లటి చిన్న గులకరాళ్లు బుట్టలో తెచ్చాడు. వాటికి కొబ్బరినూనె రుద్ది సమాధి మీద పేర్చడం వాళ్ల ఆనవాయితీ. ఆడవాళ్లు చెయ్యాల్సిన పని. మొదటిసారి పేర్చినప్పుడు చెల్లెలు అక్కడ లేదు. తమ్ముడి భార్య కూర్చుని ఒక్కో రాయినీ నూనెతో తుడుస్తూ కెమెరాకి చూపించి అడిగేది, ఇది ఎక్కడ పెట్టమంటావు? మొదట చెల్లెలు పలకలేదు. నాలుగో రాయికో అయిదో రాయికో వేలు చాపి తెర మీద తాకింది. అక్కడ. తర్వాత ఇంకొకటి, అక్కడ. కాసేపటికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. అలా కాదు, కొంచెం ఎడమకి. అమ్మకి వంకరగా ఉంటే నచ్చదు. ఎవరో నవ్వారు. తర్వాత పాట అందుకున్నారు. నాలుగు గొంతుల్లో, వాయిద్యాల్లేకుండా, ఆ చిన్న గది గోడలు అదిరేలా పాడారు. వార్డులో మిగతా రోగులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. డ్యూటీ నర్సు ఆపడానికి వచ్చి, ఆపకుండా నిలబడిపోయింది. చెల్లెలు అక్క భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపుకీ జబ్బుకీ తేడా పోల్చుకోవడం నేను ఆ రోజే నేర్చుకున్నాను.

ఆ ఒక్క రోజుతో నయమైపోలేదు. ఇంకో నెల వార్డులో ఉంది. మందు మార్చారు. బరువు పెరిగిందని విసుక్కునేది. నా ప్లేస్‌మెంట్ చివరి వారంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, సీనియర్ నర్సు పక్కనుండగా నేనే ప్రశ్నలడిగాను. నన్ను ఫెయిల్ చెయ్యలేదు గాని, నా రిపోర్టులో జరిగిందంతా రాసింది ఆవిడ. కింద నా చేత సంతకం పెట్టించింది.

"మీ అమ్మ ఇంకా వస్తున్నారా?" అని అడిగాను. పుస్తకాల్లో నేర్పిన ప్రశ్న కాదది.

"వస్తుంది" అంది చెల్లెలు. "ఇదివరకు రా, రా అని పిలిచేది. ఇప్పుడు తిన్నావా అని అడిగి వెళ్లిపోతోంది."

సీనియర్ నర్సు నా చేతిలోని నోట్సు వైపు చూసి, "ఆమె అన్నది అన్నట్టే రాయి" అంది. అలాగే రాశాను.

రెండేళ్ల తర్వాత బ్లాక్‌టౌన్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆమెని చూశాను. ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉంది, చేతిలో లంచ్ డబ్బా. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ చాపి వచ్చింది. వీసా వచ్చిందట. క్రిస్మస్‌కి టోంగా వెళ్లొచ్చిందట. మందు ఇంకా వేసుకుంటున్నానని నేను అడక్కుండానే చెప్పింది. మధ్యలో ఒకసారి మానేస్తే మళ్లీ నిద్ర కరువయిందని, అక్క పట్టుకుని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లిందని చెప్పి నవ్వింది. ఇంతలో ఆమె రైలు వచ్చింది. ఎక్కబోతూ డబ్బా మూత తీసి, అరిటాకు రంగు కాగితంలో చుట్టిన చేమదుంప ముక్క నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. అక్కడే బెంచీ మీద కూర్చుని తిన్నాను.